జాడలేని ఛాయాకథ



గుణాఢ్యుని వృత్తాంతము మీలో పెక్కుమంది యెరిగినదే. శాతవాహనుని ఆస్థానమున పంతముపట్టి సంస్కృత ప్రాకృత దేశభాషలను మూటిని విడిచిన యా పండితుడు పైశాచీభాషలో ఏడులక్షల గ్రంథముగా బృహత్కథను రచించి రాజునకు పంపెననియు, రాజు దానిని తిరస్కరింపగా అడవిలో అగ్నిగుండము చెంత కూర్చుండి ఒక్కొక్క పత్రమును మృగములకు చదివి వినిపించుచు మంటలో వేసెననియు, మేతమాని విన్న మృగములు చిక్కి శల్యములు కాగా ఆ వార్త రాజునకు తెలిసి పరుగెత్తి వచ్చుసరికి లక్షగ్రంథము మాత్రము మిగిలెననియు పెద్దలు చెప్పుదురు. ఆ మిగిలిన లక్షయు నేడు మూలరూపమున లేదు. సోమదేవుని కథాసరిత్సాగరమును, క్షేమేంద్రుని బృహత్కథామంజరియు ఉండుటచేతనే ఆ మహాగ్రంథము ఎట్టిదో ఊహింపగలుగుచున్నాము. నేడు నేను ప్రస్తావింపదలచినది కూడ అట్టి పోయిన కథయే. అయితే అది తాటాకుమీదనో భూర్జపత్రముమీదనో వ్రాసినది కాదు. ఫిలిముచుట్టలమీద అచ్చొత్తిన బొమ్మలకథ.

తర్కవ్యాకరణములను గురుముఖమున చదివి, ముప్పదియేండ్లు పిల్లలకు ప్రబంధములు పాఠము చెప్పినవానికి సినిమాలతో ఏమి పని యని మీరనవచ్చును. కథ యెక్కడ పుట్టినను కథయే. అందును పోయిన గ్రంథముల జాడ వెదకుట మా బోంట్లకు పాతబడిన వ్యసనము.

మాటలాడు చిత్రములు రాకముందు మూగచిత్రముల కాలమున అమెరికాదేశములో ఒక వింత అలవాటు పుట్టెను. కథ నంతయు ఒక్కనాడే చూపక, ముక్కలు చేసి వారమున కొక్క ముక్కగా చూపుట. మధిర సుబ్బన్నదీక్షితులుగారి కాశీమజిలీ కథలలో మణిసిద్ధుడు మజిలీ మజిలీకి కథ చెప్పి ఆపి, మరుసటి మజిలీదనుక గోపకుమారుని ఉవ్విళ్లూరించుట మీరు చదివియే యున్నారు. ఆ కిటుకునే అమెరికావారు తెరమీదికి తెచ్చిరి. 1912లో ఎడిసన్ కంపెనీవారు ఒక స్త్రీల పత్రికతో కలసి ‘వాట్ హాపెన్డ్ టు మేరీ’ అను 12 భాగముల చిత్రమును తీసిరి. 1913 డిసెంబరు 29 తేదీన ‘అడ్వెంచర్స్ ఆఫ్ కాథ్లిన్’ అను 13 భాగముల చిత్రము వచ్చెను. దీనిని తీసినవారు సెలిగ్ కంపెనీవారు. కథను అచ్చువేసినది చికాగో ట్రిబ్యూన్ పత్రిక. ఈ కాథ్లిన్ కథ జరుగునది మన హిందూదేశమున నట! అల్లాహా యను రాజ్యమట! అందలి దుర్మార్గుని పేరు అంబల్లా యట! అప్పటి పంజాబుదేశమందలి అంబాలా పట్టణము పేరును ఆంగ్లేయులు వ్రాయు తీరున తీసికొని మనిషికి తగిలించిరి. బెజవాడ యను పేరుగల రాక్షసుని మనమెక్కడనైన విన్నామా? మన దేశమును చూడక మన దేశమునుగూర్చి కథలల్లుటలో వారికి మొదటినుండియు చొరవ హెచ్చు. ఈ చిత్రము పత్రికకును సినిమాకును లాభము తెచ్చినందున మరి పత్రికలవారును ఆ దారి పట్టిరి. 1914 మార్చిలో హర్‌స్ట్ పత్రికలవారి ప్రోత్సాహముతో పెర్ల్ వైట్ అను నటి నటించిన ‘పెరిల్స్ ఆఫ్ పాలీన్’ బయలుదేరెను.

అప్పుడు ట్రిబ్యూన్ పత్రికవారు వెనుకబడరాదని మరియొక కంపెనీతో ఒడంబడిక చేసికొనిరి. అది న్యూయార్కు నగరమునకు చేరువనున్న న్యూ రోషెల్ అను ఊరిలోని తాన్‌హౌసర్ కంపెనీ. వారు తీసిన చిత్రమే ‘మిలియన్ డాలర్ మిస్టరీ’. ‘పదిలక్షల డాలర్ల రహస్యము’ అని తెనుగున చెప్పుకొందము. 1914 జూన్ 22 తేదీన దీని మొదటిభాగము బయటికి వచ్చెను. మొత్తము 23 భాగములు. భాగమునకు రెండేసి చుట్టల వంతున 46 చుట్టలు. చుట్ట సుమారు వేయి అడుగులు. అన్నిటిని విప్పి బాటవెంట పరచినచో ఎనిమిది మైళ్లు దాటును, అనగా మన లెక్కలో ఆమడకు పైమాటయే. ఆ ఆమడ పొడవు ఫిలిములో సంపూర్ణముగా ఒక్క భాగమైనను నేటివరకు దొరకలేదు. పండితులు దీనిని పోయిన చిత్రములలో లెక్కించుచున్నారు.

కథయేమందురా? హార్‌గ్రీవ్ అను కోటీశ్వరుడు ఒకడు. అతడు పూర్వమొకప్పుడు రష్యాదేశపు ‘నల్లనూరుగురు’ అను రహస్యముఠాలో చిక్కి, దానినుండి తప్పించుకొని వచ్చినవాడు. ముఠావారి పగకు వెరచి తన పసికూతురును ఒక బాలికల పాఠశాల వాకిట విడిచి, పెంపకమునకు కావలసిన ద్రవ్యమును మాత్రము రహస్యముగా పంపుచుండెను. పదునెనిమిదేండ్లు గడచినపిమ్మట ముఠావారు అతని జాడ పసిగట్టిరి. అతడు బ్యాంకునుండి పదిలక్షల డాలర్లు తీసికొనెను. ఆ రాత్రి ముఠా ఇల్లు ముట్టడింపగా ఇంటికప్పుమీదినుండి పొగగుమ్మటము ఎక్కి ఆకాశమార్గమున పలాయితుడయ్యెను. క్రిందనుండి తుపాకులు ప్రేలినవి. గుమ్మటము సముద్రముమీద కూలెను. మనిషి బ్రదికెనా? ధనమేమయ్యెను? ఇంటనే యున్నదా, సముద్రమున మునిగెనా? ఆ సమయమున కూతురు ఫ్లారెన్సు పాఠశాలనుండి తండ్రి యింటికి చేరును. ఆమెకు తోడు జోన్సు అను నమ్మకమైన నౌకరు. ఆమెను ప్రేమించువాడు నార్టన్ అను పత్రికా విలేఖరి. ఓల్గా యను జమీందారిణి ముఠా పక్షమున ఉండి, ఈ పిల్లకు ఆప్తురాలివలె నటించుచు గుట్టు లాగజూచును.

ఇక వారము వారము ఒక గండము. భాగముల పేళ్లు వినినచో మీకే తెలియును: ‘రాత్రివేళ గగననౌక’, ‘సముద్రగర్భమున’, ‘ఓడమీదినుండి దూకుట’, ‘మెయిలుబండి దారిలో’, ‘ఊబిలో దిగబడుట’. ఫ్లారెన్సు పాత్రను ధరించిన నటి ఫ్లారెన్సు లబాడీ. గుండెధైర్యము గలదని పేరు పడ్డ స్త్రీ. నార్టన్‌గా నటించినవాడు జేమ్సు క్రూజ్, ఓల్గాగా నటించినది మార్గరెట్ స్నో. తెరమీద బద్ధవైరులైన ఈ ఇద్దరును ఆ సమయమున ఇంటిలో భార్యాభర్తలు. ఈ సంగతి తెలిసిన ప్రేక్షకులు వినోదించి యుందురు. దర్శకుడు హవెల్ హాన్సెల్. కథను కూర్చినవాడు లాయిడ్ లోనర్గన్. దానిని పత్రికకు నవలగా వ్రాసినవాడు హెరాల్డ్ మాగ్రాత్. కాథ్లిన్ కథను నవలగా వ్రాసినవాడును ఇతడే.

నాకు మిక్కిలి నచ్చిన విషయమిక చెప్పెదను. మన అవధానములలో సమస్యాపూరణ మున్నది కదా! పృచ్ఛకుడు చివరిపాదమిచ్చి మొదటిమూడు పూరింపుమనును. ఈ చిత్రమువారు దానిని తలక్రిందు చేసిరి. 22 భాగములు తామే చూపి, ‘రహస్యము విడుచు మార్గమేమి? 100 మాటలకు మించకుండ వ్రాసి పంపుడు. ఉత్తమమైనదానికి 10,000 డాలర్లు బహుమానము’ అని ప్రేక్షకులను అడిగిరి. పరిష్కారములు వచ్చినపిమ్మట గాని చివరి భాగము బయటపడలేదు. అది 1915 ఫిబ్రవరిలో వచ్చెను. బహుమానము పొందినది సెయింట్ లూయిస్ పట్టణపు యువతి, ఒక కార్యాలయమున సంక్షిప్తలేఖనము చేయుచుండిన ఉద్యోగిని. పదివేల డాలర్లనగా ఆ దినములలో సామాన్యోద్యోగికి ఏండ్లతరబడి జీతము. కథకుడు కథ చెప్పి, శ్రోత దానిని ముగించుట యను ఈ యేర్పాటు వట్టి వ్యాపారపు తంత్రమే యని కొందరందురు. వ్యాపారమే కావచ్చును. ఐనను వినువానికి బుద్ధి గలదని ఒప్పుకొన్న వ్యాపారము, నేను దానిని తక్కువచేసి చెప్పజాలను.

చిత్రము నడచుచుండగనే ఐరోపాఖండమున మహాయుద్ధము మొదలయ్యెను. ఆ ఆగస్టుమాసముననే కంపెనీ అధ్యక్షుడు చార్లెస్ హైట్ మోటారు ప్రమాదమున మరణించెను. ఐనను చిత్రము ఆగలేదు. పెట్టిన సొమ్ముకు పలురెట్లు తిరిగివచ్చెను. ఆ లాభము చూచి వెంటనే ‘జుడోరా’ అను 20 భాగముల మరియొక చిత్రమును తీసిరి. దానికి ‘రెండుకోట్ల డాలర్ల రహస్య’మని పేరు కూడ పెట్టిరి. అంకె పెరిగెను గాని రుచి పెరుగలేదు, అది విఫలమయ్యెను. లబాడీ 1917 ఆగస్టులో మోటారు బోల్తాపడి గాయపడి, అక్టోబరు 13 తేదీన కన్నుమూసెను. అప్పటి కామెకు ముప్పదియేండ్లు నిండలేదు. మరి కొలది కాలమునకు తాన్‌హౌసర్ కంపెనీయు చిత్రములు తీయుట మానెను. క్రూజ్ మాత్రము దర్శకుడై 1923లో ‘కవర్డ్ వాగన్’ అను ప్రసిద్ధచిత్రమును తీసెను.

ఇదంతయు సప్తసముద్రముల కావలి సంగతి. మనకేమి సంబంధమందురా? ఉన్నది. ఈ చిత్రమును దక్షిణదేశమున చూపినవాడు మన తెలుగువాడే.

మచిలీపట్టణమున 1869లో జన్మించిన రఘుపతి వెంకయ్యగారు చెన్నపట్టణము చేరి ఛాయాచిత్రములు తీయు వృత్తిలో పేరు గడించిరి. 1909 ప్రాంతమున క్రోనోమెగాఫోను అను యంత్రము, బొమ్మకు గ్రామఫోను శబ్దము జోడించి చూపునది, అమ్మకమునకు రాగా 30,000 రూపాయలు సమకూర్చుకొని దానిని కొనిరి. ఆ దినములలో ముప్పదివేలనగా ఎంత భూమియో మీరే లెక్క వేసికొనుడు. దానితో మన ఊళ్లును, సింహళము, బర్మాదేశములును తిరిగి ప్రదర్శనము లిచ్చిరి. 1914లో మద్రాసు మౌంటురోడ్డుకు చేరువనే ‘గెయిటీ’ అను సినిమాశాలను కట్టించిరి. అటుపిమ్మట మింటువీధిలో ‘క్రౌన్’, పురసవాకమున ‘గ్లోబు’ అను శాలలు వెలసినవి. ఆ శాలలలో ఆడిన పరదేశచిత్రములలో ‘మిలియన్ డాలర్ మిస్టరీ’ యొకటి. ‘బ్రోకెన్ కాయిన్’, ‘మిస్టరీస్ ఆఫ్ మైరా’, ‘క్లచ్చింగ్ హ్యాండ్’ అనునవి కూడ అచ్చట ఆడినవే. వీనిలో ‘బ్రోకెన్ కాయిన్’ 22 భాగములది, అదియు పోయినదే.

మూగచిత్రమునకు మన దేశమున వ్యాఖ్యాత యుండెడివాడు. తెరప్రక్క నిలుచుండి, ఆంగ్లములో పడు వ్రాతలను దేశభాషలో చెప్పుచు, దుష్టుని తిట్టుచు, నాయికను హెచ్చరించుచు కథ నడిపించును. మన తోలుబొమ్మలాటవాడును, హరికథాదాసుగారును చేయు పనియే. కావున చదువురానివారును ఈ కథలకు కట్టుబడిపోయిరి.

మా పితామహులు ఆ కాలమున చెన్నపట్టణములో సంస్కృతము చదువుకొనుచుండిరి. వారాలు చేసికొని భోంచేయు విద్యార్థికి సినిమా యేల? ఐనను వెళ్లెడివారు, మూడు నాలుగు అణాల విషయమున వారికిని సహపాఠికిని జరిగిన తగవులు సైతము మాకు చెప్పెడివారు. ఎండకాలము రాత్రులయందు అరుగుమీద పరుండి ఇంటికప్పుమీదినుండి లేచిన గుమ్మటమును, ఓడమీదినుండి దూకిన పిల్లను వర్ణించుచుండగా మాకు నిదుర పట్టెడిది కాదు. కాని చివరి రెండువారముల భాగములు వారు చూడలేదు. కోతలకు రమ్మని ఇంటినుండి జాబు రాగా ఊరికి వచ్చివేసిరి. ‘ఒరే, ఆ డబ్బు యెక్కడ దాచినాడో చూడకపోతిని గదరా’ అని వారు ఎనుబదవయేటను అనగా నేను విన్నాను. వేదాంతము చదివిన మహానుభావుడు! పరుని సొమ్ము, అందును బొమ్మలలోని సొమ్ము, యేమైన నేమి? కాని ఆగిపోయిన కథ ముల్లువంటిది.

ఆ ముల్లే నన్ను వెదకించినది. చిత్రము దొరకదని తెలిసెను గాని మాగ్రాత్ వ్రాసిన నవల యున్నది. అది 1915లో పుస్తకముగ వెలువడినది. అందులో చిత్రమునుండి తీసిన బొమ్మలును అచ్చువేసిరి. ఒక పాతపుస్తకముల బండిమీద అట్టయూడిన ప్రతి నా కంటబడినది. చివరిదనుక చదివితిని. ధనమెక్కడనో ఇచ్చట చెప్పను. చదువుకొనదలచినవారి రుచి చెడగొట్టుట న్యాయము కాదు. కాని మనవి చేయునదేమనగా, ఆ నవల కథాసరిత్సాగరము వంటిదే. బృహత్కథ కాదు. నవలలో ఆమె దూకెనని వ్రాసియున్నది. ఆమె ఎట్లు దూకెనో, దూకుటకు ముందొక క్షణము ఎటు చూచెనో, అది మా పితామహుల కన్నులతో పోయినది.

ఇంత ప్రసిద్ధికెక్కిన చిత్రము ఎట్లు పోయెను? కారణములు సామాన్యములే. ఆ కాలపు ఫిలిము నైట్రేటుతో చేసినది. దూదిని నత్రికామ్లముతో సంస్కరించి పుట్టించు పదార్థము. తుపాకిమందునకు దగ్గరి చుట్టము. అంటుకొన్నచో కాలుటకు కావలసిన ప్రాణవాయువును తనలోనే పుట్టించుకొనును గనుక నీళ్లు పోసినను ఆరదు. కాలకున్నను క్రమముగా జిగటయై, ముద్దయై, తుదకు గోధుమవన్నె పొడి యగును. వేడిమియు తేమయు ఉన్నచోట ఈ నాశనము మరియు త్వరితము. మన సముద్రతీరపు పట్టణముల సంగతి వేరుగ చెప్పవలెనా? 1937 జూలైలో అమెరికాలో ఫాక్స్ కంపెనీవారి భాండాగారము అంటుకొని వారి పాతచిత్రములు రాశులుగ కాలిపోయినవి. ఇది దైవికము. మరి మనుష్యకృత మేమనగా, మాటలాడు చిత్రములు వచ్చినతరువాత మూగచిత్రములకు వెల లేకపోయెను. ఫిలిముమీది పూతలో కొంచెము వెండి యుండును. ఆ వెండికొరకు చుట్టలను కరిగించిరి. 1948లో యూనివర్సల్ కంపెనీవారు దాచి యుంచిన మూగచిత్రములను చోటు చాలదని బుద్ధిపూర్వకముగ నాశనము చేసిరి. ఆలయపు విగ్రహమును ఇత్తడివెలకు తూచి యమ్ముట వంటి పని. 2013లో అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమువారు లెక్క వేయించగా, 1912 మొదలు 1929 వరకు ఆ దేశమున తీసిన దీర్ఘ మూగచిత్రములలో తొలిరూపమున పూర్తిగ నిలిచినవి నూటికి 14 మాత్రమే యని తేలెను.

అపుడపుడు పాతర బయటపడుటయు కలదు. కెనడా వాయవ్యభాగమున డాసన్ అను బంగారుగనుల ఊరున్నది. చిత్రములు ఊరూరు తిరిగి తిరిగి తుదకు అచ్చటికి చేరును. వెనుకకు పంపుటకు రవాణా ఖర్చు దండుగ యని కంపెనీలవారు అచ్చటనే వదలిరి. 1929లో ఆ చుట్టలను ఒక పాత ఈతకొలనులో పోసి మన్ను కప్పిరి. 1978లో నేల త్రవ్వగా అయిదువందలకు మించిన చుట్టలు బయటపడినవి. గడ్డకట్టిన నేల వానిని కాపాడినది. వానిలో భాగముల చిత్రముల ముక్కలును కలవు. మన తాటాకుగ్రంథములు అటకలమీది పొగచేత పురుగుపట్టక నిలిచినట్లే ఇదియును. తాన్‌హౌసరు మనుమడు తాతగారి కంపెనీ చిత్రములను దేశదేశముల భాండాగారములలో వెదకించి, తీసిన వేయింటికి పైబడిన చిత్రములలో సుమారు ఐదింట నొక వంతు జాడ తీయగలిగెను. పదిలక్షల డాలర్ల రహస్యము మాత్రము వానిలో లేదు.

పెదపాటి జగన్నాథకవి తన ప్రబంధరత్నాకరమున పూర్వకవుల పద్యములను ఏర్చి కూర్చకున్నచో కొందరు కవుల పేళ్లైనను మనకు తెలియవు. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1918లో ప్రబంధరత్నావళిని ప్రకటించి అట్టి నష్టకావ్యముల పద్యములను లోకమునకు అందించిరి. పోయిన చిత్రములకు అట్టి రత్నాకరములేవి? ప్రకటనపత్రములు, వార్తాపత్రికల ముక్కలు, నటుల ఛాయాచిత్రములు, చూచినవారి మాటలు. చూచినవారు నేడు లేరు. కావున కాగితములే శరణ్యము.

పరదేశపు చిత్రము పోయినందుకు ఇంత విచార మేల యని మీకు తోచవచ్చును. వెంకయ్యగారు తమ కుమారుడు సూర్యప్రకాశుగారిని చిత్రకళ నేర్చుటకై సీమకు పంపి, అతడు తిరిగివచ్చినపిమ్మట 1921లో ‘భీష్మప్రతిజ్ఞ’ అను మూగచిత్రమును తీయించిరి. తెలుగువారు తీసిన మొదటిచిత్రమది. గంగాదేవి పాత్రను ఒక ఆంగ్లయువతి ధరించెను. ఆ చిత్రమును నేడు లేదు. హిందూదేశమున తీసిన మూగచిత్రములు వేయికి మించియుండగా మిగిలినవి ముప్పదికి లోపు. వెంకయ్యగారు 1941లో స్వర్గస్థులైరి. ఆంధ్రప్రదేశ ప్రభుత్వమువారు 1980లో వారి పేర ఒక పురస్కారమును నెలకొల్పిరి. పురస్కారమున్నది, చిత్రము లేదు. అమెరికావారి చిత్రమునకు నవలయైన మిగిలినది. మన భీష్మునకు అట్టి నవలయు లేదు.

కావున గ్రామములందలి పెద్దలకు ఒక ప్రార్థన. గుడారపు సినిమాలవారు బండికి తప్పెట కట్టి ఊరూరు పంచిన రంగుకాగితములు, పాట పుస్తకములు, ప్రవేశపు చీట్లు మీ తాతలనాటి భోషాణములలో, పద్దుపుస్తకముల నడుమ, దేవతార్చన పెట్టెల అడుగున ఇప్పటికిని ఉండవచ్చును. వానిని చిత్తుకాగితములని అంగడివానికి వేయకుడు. 1964లో పుణె నగరమున జాతీయ చలనచిత్ర భాండాగారము స్థాపితమైనది. అచ్చట ఫిలిములనే గాక ఇట్టి కాగితములను సైతము భద్రపరతురు. పాత ఫిలిము చుట్ట కనబడినచో మాత్రము దానిని దీపముదగ్గరకు, పొయ్యిదగ్గరకు తేకుడు. డబ్బా బలవంతముగ తెరువకుడు. చల్లనిచోట విడిగా ఉంచి వారికి జాబు వ్రాయుడు. కాగితము లైనచో మడతలను గట్టిగ విప్పక, రెండు అట్టలనడుమ పెట్టి, వెనుక పెన్సిలుతో ఊరిపేరును, ఎవరియింట దొరకినదియు వ్రాసి పంపుడు. సిరా వాడకుడు, అది ముందుప్రక్కకు దిగును.